పాలీహౌస్‌లో ఎలక్ట్రీషియన్ పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐటీఐ ముగించిన కుర్రాళ్లు, ఇళ్ల వైరింగ్ మానేసి ఇటు రావాలనుకునేవాళ్లు, కొత్తగా పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పి లోపల పంట పెంచే ఇల్లు) వేసిన రైతులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కంటే రాసి పెడితే నయమనిపించింది. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు, అటు కుప్పం, హోసూరు వైపు పూలు, కూరగాయలు పండించే గ్రీన్‌హౌస్‌లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవాల్సిన పని లేదు.

## పనిలో చేరకముందు

ఇళ్లకు వైరింగ్ చేసిన అనుభవం ఉంది. పాలీహౌస్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంటుంది?

కరెంటు అదే, చుట్టూ ఉండే గాలే వేరు. లోపల ఎప్పుడూ తేమ, దానికి తోడు ఎరువుల ఉప్పు, యాసిడ్ ఆవిరి, గులాబీ తోటలైతే గంధకం పొగ. ఇంట్లో పదేళ్లు ఉండే జాయింటు ఇక్కడ ఒక్క వానాకాలానికే పచ్చగా తుప్పు పట్టిపోతుంది. రెండో తేడా లోడు. లైట్లు, ప్లగ్గులు తక్కువ, మోటార్లు ఎక్కువ: ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్ (లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే తడి అట్ట గోడ) పంపు, ఫాగర్ (పొగమంచులా నీళ్లు చల్లేది) పంపు, డ్రిప్ మోటారు, షేడ్ నెట్ (ఎండ తగ్గించే నెట్) లాగే గేర్ మోటార్లు, కర్టెన్ మోటార్లు. స్టార్టర్, రిలే, లిమిట్ స్విచ్ (చివరికి చేరగానే మోటారును ఆపే స్విచ్) సర్క్యూట్లు చదవడం రానివాళ్లు ముందు అది నేర్చుకుని రావాలి.

అన్ని పాలీహౌస్‌లూ ఒకటి కావు. పైన వెంటిలేషన్ వదిలి, పక్క కర్టెన్లను చేత్తో తిప్పే రకంలో ఎలక్ట్రీషియన్‌కు పెద్దగా పని ఉండదు. ఫ్యాన్లు, ప్యాడ్లు, కంట్రోలర్ (వేడి, తేమ చూసి మోటార్లను తనంతట తానే నడిపే పెట్టె) ఉన్న రకంలోనే రోజంతా పని దొరుకుతుంది.

ఏ సర్టిఫికెట్లు కావాలి? ఐటీఐ లేకుండా తీసుకుంటారా?

తీసుకునేవాళ్లు ఉన్నారు, హెల్పర్‌గా. బాధ్యత అప్పజెప్పాలంటే రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తయి ఉండాలని అడుగుతారు. దానికి తోడు రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ ఉండటం మంచిది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు గానీ, విద్యుత్ తనిఖీ అధికారి గానీ మొదట అడిగేది "ఈ పని చేసినవాడికి పర్మిట్ ఉందా?" అనే. అది లేకపోతే యజమానితో పాటు మీరూ ఇరుక్కుంటారు.

ఎన్ని ఫ్యాన్లు ఉంటాయి, లోడు ఎంత అని ఇంటర్వ్యూలో అడుగుతున్నారు. ఎలా లెక్కవేయాలి?

లోపలి గాలి మొత్తం సుమారు నిమిషానికి ఒకసారి మారాలన్నది ఫ్యాన్లు, ప్యాడ్లు ఉన్న పాలీహౌస్‌లకు వాడే లెక్క. వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్, సగటు ఎత్తు 5 మీటర్లు అనుకుందాం. గాలి 5,000 ఘనపు మీటర్లు, అంటే గంటకు 3 లక్షలు. 50 అంగుళాల ఫ్యాన్ ఒకటి గంటకు సుమారు 40,000 ఘనపు మీటర్లు లాగుతుంది కాబట్టి ఎనిమిది ఫ్యాన్లు కావాలి. ఒక్కోటి ఒకటిన్నర హెచ్‌పీ, అంటే 1.1 కిలోవాట్లు. మొత్తం 9 కిలోవాట్ల లోపే, పంపులు వేరు. ఒకటిన్నర హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు రెండున్నర ఆంపియర్ల చుట్టూ తీసుకుంటుంది గానీ, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఆరింతలు లాగగలదు. అందుకే ఎనిమిదీ ఒకేసారి ఆన్ కాకుండా టైమర్లు పెట్టి రెండేసి చొప్పున ఎక్కిస్తారు. ఈ చివరి ముక్క కూడా చెప్పగలిగితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

నా పని కరెంటు. పంట గురించి నాకెందుకు?

చామంతి చూడండి. చామంతికి రాత్రి పొడవుగా ఉంటేనే మొగ్గ పడుతుంది. కొమ్మ ఎత్తు పెరిగే దాకా పూత రాకుండా ఆపడానికి అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు బల్బులు వెలిగిస్తారు. చిత్తూరు, కోలారు, చిక్కబళ్లాపూర్ వైపు రాత్రి బస్సులో వెళ్తే బయటి పొలాల్లో కూడా వరసగా వెలిగే బల్బులు కనిపించేది అందుకే. పూత రావాల్సిన సమయం రాగానే ఆ లైట్లు ఆపేస్తారు. ఇక్కడే ఎలక్ట్రీషియన్ పని పంటకు తగులుతుంది. టైమర్ చెడి లైట్లు ఆరిపోతే మొక్క పొట్టిగా ఉండగానే మొగ్గ తొడుగుతుంది. లైట్లు ఆపేసిన బ్లాకులో మీరు ప్యానెల్ దగ్గర ఒక బల్బు రాత్రంతా వెలిగేలా వదిలేస్తే దాని వెలుగు పడిన మేరకు మొక్కల్లో పూత వెనకబడుతుంది. పండగ మార్కెట్ చూసుకుని నాటిన పూలకు పది రోజుల ఆలస్యమంటే నష్టమే. కాబట్టి లోపల కొత్త లైటు పెట్టేముందు, సెక్యూరిటీ కోసం బయట ఫ్లడ్‌లైటు పెట్టేముందు, ఆ బ్లాకులో ఏ పంట ఉందో, ఏ దశలో ఉందో గ్రోవర్‌ని (పంట చూసుకునే మనిషిని) అడగండి.

డ్రిప్ విషయమూ అంతే. మట్టిలో ఉన్న పంట పూటంతా నీళ్లు లేకపోయినా ఓర్చుకుంటుంది. కొబ్బరి పీచు సంచుల్లో ఉన్న మొక్క ఎండాకాలం మధ్యాహ్నం అంతసేపు ఆగదు. పైపుల్లో పల్చటి నీటి పొర మీద పెంచే ఆకుకూరలైతే పంపు ఆగిన కాసేపటికే వాడతాయి. రెండు చోట్ల ఒకేసారి ఫాల్ట్ వస్తే ముందు ఎటు పరుగెత్తాలో మీటర్ చెప్పదు, పంట చెబుతుంది.

జీతం ఎలా ఉంటుంది?

నెల జీతం ఒక్కటే అడగకండి. ఫారంలోనే గది ఇస్తారా, రాత్రి పిలిస్తే దానికి వేరుగా కడతారా, టూల్స్ ఎవరివి, ఇన్సూరెన్సు ఉందా అని అడగండి. చాలా ఫారాలు ఊరికి దూరంగా ఉంటాయి, అక్కడే ఉండేవాళ్లకే ప్రాధాన్యం. గది ఇస్తున్నారంటే రాత్రి ఫోన్లు కూడా ఉంటాయని అర్థం.

## చేరిన కొత్తలో

మొదటి వారంలో ఏం చేయాలి?

కాగితం, పెన్ను పట్టుకుని ఫారమంతా తిరగండి. చాలా చోట్ల వైరింగ్ డ్రాయింగ్ ఉండదు, ఉన్నా ఇప్పుడున్న వైరింగ్‌కు దానికీ పొంతన ఉండదు. ఏ ఎంసీబీ ఏ మోటారుకి వెళ్తోందో చూసి రాసి, ప్యానెల్ తలుపు లోపల అతికించండి. ప్రతి మోటారు నడుస్తున్నప్పుడు మూడు ఫేజుల్లో ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో క్లాంప్ మీటర్‌తో చూసి తారీఖు వేసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత "ఈ ఫ్యాన్ ఎక్కువ లాగుతోందా?" అన్న ప్రశ్నకు జవాబు దొరికేది ఆ కాగితంలోనే. ఎర్త్ కనెక్షన్లు చేత్తో కదిపి చూడండి. త్రీ ఫేజ్ మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది రూలు. చాలా చోట్ల ఒకటే ఉంటుంది, అదీ పెయింటు మీద బిగించి ఉంటుంది.

ఫ్యాన్ బెల్టు మార్చేటప్పుడు స్టార్టర్ ఆఫ్ చేస్తే చాలదా?

చాలదు. ఆ ఫ్యాన్‌ను ఆన్ చేసేది మీరొక్కరే కాదు. ఎండ పెరిగితే కంట్రోలర్ ఆన్ చేస్తుంది. పోయిన కరెంటు తిరిగి వస్తే ఆటో స్టార్టర్ ఆన్ చేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్న ఓనర్ ఫోన్లో బటన్ నొక్కి ఆన్ చేస్తారు, లోపల మీ చెయ్యి ఉందని ఆయనకు తెలియదు. ఆ ఫ్యాన్ ఎంసీబీ గానీ ఐసోలేటర్ (సప్లయ్ పూర్తిగా తెంచే స్విచ్) గానీ దించి, తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకుని, మూడు ఫేజుల్లోనూ సప్లయ్ లేదని టెస్ట్ చేశాకే బెల్టు ముట్టుకోండి. ప్రతి ఫ్యాన్ పక్కనా ఐసోలేటర్ లేకపోతే పెట్టించమని మొదటి నెలలోనే రాతపూర్వకంగా అడగండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయ్ కోసేసే స్విచ్) ఊరికే ట్రిప్ అవుతోంది. సూపర్‌వైజర్ బైపాస్ చేయమంటున్నారు. చేయొచ్చా?

చేయకూడదు. తడి నేల, ఇనుప స్తంభాలు, చెప్పుల్లేకుండా నడిచే కూలీలు: కరెంటు లీక్ అయితే ప్రాణం పోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. "ఊరికే" ట్రిప్ అవడమంటూ ఏమీ ఉండదు. ఎక్కడో లీకు ఉంది, అది దొరకలేదు, అంతే.

వెతికే పద్ధతి ఇది. సప్లయ్ ఆపి, కంట్రోలర్, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) వైర్లు విప్పి పక్కన పెట్టి (లేకపోతే ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మీటరు దెబ్బకు అవి పోతాయి), ఒక్కో మోటారు లైనును 500 వోల్టుల మెగ్గర్‌తో చూడండి. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపించే లైనును అనుమానించండి. ఎక్కువ సార్లు దొరికే దొంగలు ప్యాడ్ పంపు కేబుల్ జాయింటు, నీళ్లు చేరిన జంక్షన్ బాక్సు, పాత సబ్‌మెర్సిబుల్ మోటారు. అన్నీ బాగుండి కూడా ట్రిప్ అవుతుంటే కారణం డిజైన్‌లో ఉంటుంది: ఫారం మొత్తానికి ఒకటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి ఉంటారు, అన్ని మోటార్ల చిన్న చిన్న లీకులూ కలిసి దాన్ని దించేస్తాయి. మనుషుల చేతికి అందే ప్లగ్గులు, పంపులకు వేర్వేరుగా 30 మిల్లీ ఆంపియర్లవి, మెయిన్‌కు ఎక్కువ రేటింగ్‌లో ఆలస్యంగా ట్రిప్ అయ్యేది పెట్టాలి. వీఎఫ్‌డీ ఉన్న లైనుకు దానికి తగిన రకమే వాడాలి.

మందు కొట్టిన తర్వాత ఎంతసేపటికి లోపలికి వెళ్లొచ్చు?

మందు డబ్బా లేబుల్ మీద ఉన్నంతసేపు ఆగాలి, కనీసం తడి ఆరి గాలి మారేదాకా అయినా. మూసి ఉన్న పాలీహౌస్‌లో మందు ఆవిరి బయటి పొలంలోలా చెదిరిపోదు. ఏ బ్లాకులో ఎప్పుడు కొట్టారో తలుపు దగ్గర బోర్డు మీద రాయమని గ్రోవర్‌ని అడగండి. అర్జంటు ఫాల్ట్ అయితే మాస్కు, గ్లవుజులు వేసుకోండి. మెడకు కట్టుకున్న తువ్వాలు మాస్కు కాదు.

## రోజూ ఎదురయ్యే ఫాల్టులు

లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రిపేరు చేసి వెళ్లాక షేడ్ నెట్ చిరిగిపోయింది, ఫ్యాన్లు వేడి గాలి లోపలికి కొడుతున్నాయి. ఏమైంది?

ఫేజులు తారుమారయ్యాయి. రెండు ఫేజులు అటూ ఇటూ అయితే త్రీ ఫేజ్ మోటార్లన్నీ ఉల్టా తిరుగుతాయి. ఫ్యాన్ విషయంలో నష్టం చిన్నది, గమనించగానే ఆపేయొచ్చు. నెట్ మోటారుతోనే ప్రమాదం.

గేర్ మోటారుకు రెండు కాంటాక్టర్లు (మోటారుకు సప్లయ్ కలిపే స్విచ్‌లు) ఉంటాయి, ఒకటి తెరవడానికి, ఇంకొకటి మూయడానికి. పూర్తిగా తెరుచుకోగానే "తెరిచే" లిమిట్ స్విచ్ తెరిచే కాంటాక్టర్‌ను ఆపుతుంది. ఫేజులు మారినప్పుడు కంట్రోలర్ "తెరువు" అంటుంది, తెరిచే కాంటాక్టర్ ఆన్ అవుతుంది, మోటారు మాత్రం మూసే వైపు తిరుగుతుంది. పూర్తిగా మూసుకున్నాక "మూసే" లిమిట్ స్విచ్ తగులుతుంది గానీ, అది ఆపేది మూసే కాంటాక్టర్‌ను. ఆ కాంటాక్టర్ అసలు ఆన్‌లోనే లేదు. దాంతో మోటారు ఆగకుండా లాగుతూనే ఉంటుంది. కేబుల్ తెగాలి, నెట్ చిరగాలి, లేకపోతే ఓవర్‌లోడ్ ట్రిప్ అవ్వాలి. మంచి గేర్ మోటార్లలో వీటి వెనక ఇంకో జత సేఫ్టీ లిమిట్లు ఉంటాయి, ఏ వైపు దాటినా మొత్తం కంట్రోల్ సప్లయ్‌నే కోసేస్తాయి. కాకపోతే చౌక ప్యానెళ్లలో వాటికి వైరు లాగకుండా వదిలేస్తారు. మూత విప్పి మీ కళ్లతో చూడండి.

నివారణకు, మెయిన్ ప్యానెల్‌లో ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టి, దాని కాంటాక్టును కంట్రోల్ సప్లయ్‌లో కలపండి. ఫేజులు తారుమారైతే ఏ మోటారూ లేవదు. మోటారు ఒక్కటి కాలితే అయ్యే ఖర్చుతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు. రిలే వచ్చేదాకా, లైను మీద పని జరిగిన ప్రతిసారీ అన్నీ మాన్యువల్‌లో పెట్టి ఒక్క ఫ్యాన్‌ను తిప్పి చూసి, తర్వాతే ఆటోలో వేయండి. సరిచేయాల్సి వస్తే మెయిన్ ఇన్‌కమింగ్ దగ్గరే రెండు ఫేజులు మార్చండి, ఒక్కో మోటారు దగ్గర కాదు. జనరేటర్ మీద నడిచేటప్పుడు మాత్రమే ఉల్టా తిరుగుతుంటే జనరేటర్ వైపు వైర్లు మార్చాలి.

ప్యానెల్ పైన రేకు వేశాం, అయినా లోపల నీళ్లు చేరుతున్నాయి. ఎలా?

ఆ నీళ్లు పైనుంచి కారినవి కావు, లోపలే పుట్టినవి. పగలు బాక్సు వేడెక్కి గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లబడుతూ తేమ గాలిని పీల్చుకుంటుంది, ఆ తేమ బాక్సు లోపలి వైపు చుక్కలు కడుతుంది. పాలీహౌస్ లోపలి నుంచి వచ్చే పైపులు కూడా తేమ గాలిని నేరుగా ప్యానెల్‌లోకి మోస్తాయి, వాటి నోళ్లు సీలెంట్‌తో మూయండి. కేబుళ్లు కింది నుంచే, గ్లాండ్‌ల (కేబుల్ చుట్టూ బిగుసుకునే మూతల) ద్వారానే రావాలి. ఐపీ65 (దుమ్ము, చిమ్మే నీళ్లు చొరబడని) బాక్సుకు పైన డ్రిల్లుతో కన్నం వేసి వైరు దూర్చితే ఇక అది ఐపీ65 కాదు. అడుగున నీళ్లు పోయే డ్రెయిన్ ప్లగ్, లోపల చిన్న ప్యానెల్ హీటర్ పెడితే సమస్య చాలావరకు తీరుతుంది. అన్నిటికంటే మంచిది మెయిన్ ప్యానెల్‌ను బయట వేరే గదిలో పెట్టడం.

గులాబీ బ్లాకులో రిలేలు, టెర్మినళ్లు నల్లబడి పనిచేయడం మానేస్తున్నాయి. నాసిరకం సరుకా?

సరుకు తప్పు కాకపోవచ్చు. బూడిద తెగులు కోసం రాత్రిళ్లు గంధకం ఆవిరి పడతారు, అది రాగిని, వెండిని నల్లబరుస్తుంది. పెద్ద కాంటాక్టర్ల కాంటాక్టులు కొట్టుకునే దెబ్బకు, ఆర్క్‌కు ఆ పొర చాలావరకు పోతుంది, కాబట్టి వాటిని ఎమెరీ పేపర్‌తో రుద్దకండి, వెండి పూత పోతుంది. ఇబ్బంది పడేవి చిన్న కరెంటుతో నడిచే రిలేలు, సెన్సార్ టెర్మినళ్లు. వాటికి సీల్డ్ రిలేలు, టిన్ పూత ఉన్న లగ్గులు వాడండి.

ఫ్యాన్ మోటార్లు ఏప్రిల్, మే నెలల్లోనే ఎందుకు కాలిపోతాయి?

మూడు నాలుగు కారణాలు ఒకేసారి కలిసి వస్తాయి. ఊరంతా మోటార్లు వేయడంతో వోల్టేజీ పడిపోతుంది. 415 వోల్టుల మోటారు 350 దగ్గర నడిస్తే ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. ఒక ఫేజు పోయినా మిగతా రెండిటి మీద మూలుగుతూ నడిచి కాలుతుంది, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంటే ఇది తప్పుతుంది. ఇక చాలామంది చూడనిది కూలింగ్ ప్యాడ్. ఉప్పు, నాచు పట్టి ప్యాడ్ మూసుకుపోతే గాలి లాగడం కష్టమై ఫ్యాన్ మీద లోడు పెరుగుతుంది. మోటారు కాలితే రివైండింగ్‌కు పంపేముందు ప్యాడ్ చూడండి. ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్లకే సెట్ చేయండి. "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది" అని ఎవరో స్క్రూ పైకి తిప్పి ఉంటారు, రివైండింగ్ షాపుకు అదే గిరాకీ.

డ్రిప్ వాల్వు తెరుచుకోవట్లేదు. కంట్రోలర్ పోయినట్టేనా?

సాధారణంగా కాదు. వాల్వు మీద ఉండే సోలెనాయిడ్‌ను (కరెంటుతో వాల్వును తెరిచే కాయిల్) చేత్తో పావు వంతు తిప్పి చూడండి. నీళ్లు వస్తే ఫాల్ట్ కరెంటుది, రాకపోతే ఫిల్టరు గానీ డయాఫ్రమ్ (వాల్వు లోపలి రబ్బరు పొర) గానీ చూడాలి. కరెంటుదే అయితే వాల్వు ఆన్‌లో ఉండగా కాయిల్ దగ్గరే వోల్టేజీ చూడండి. ప్యానెల్‌లో 24 వోల్టులు ఉండి వాల్వు దగ్గర బాగా తగ్గితే మధ్యలో జాయింటు తుప్పు పట్టింది. మట్టిలో ఉండే జాయింట్లకు టేపు చాలదు, జెల్ నింపిన కనెక్టర్లు వాడాలి. కాయిల్ మీద అనుమానం ఉంటే పక్క వాల్వు కాయిల్ ఓమ్స్‌తో పోల్చండి.

టెంపరేచర్ సెన్సార్ తప్పు చూపిస్తోందంటున్నారు. మార్చేయాలా?

ముందు అది ఎక్కడ వేలాడుతోందో చూడండి. నేరుగా ఎండ పడితే ఎక్కువ చూపించి ఫ్యాన్లను అనవసరంగా తిప్పుతుంది. ప్యాడ్ ముందు ఉంటే తక్కువ చూపించి మొక్కల్ని ఉడికిస్తుంది. మొక్కల తల ఎత్తులో, పాలీహౌస్ మధ్యలో, చిన్న ఫ్యాన్‌తో గాలి లాగే తెల్ల పెట్టెలో ఉండాలి. రీడింగ్ ఎగిరెగిరి పడుతుంటే సెన్సార్ వైరు వీఎఫ్‌డీ కేబుల్ పక్కనే వెళ్తోందేమో చూసి విడదీయండి, షీల్డును ఒక చివరే ఎర్త్ చేయండి.

స్టార్టర్‌లో బల్లులు, కేబుళ్లకు ఎలుకలు. ఏం చేయాలి?

కన్నాలన్నీ మూయండి. కాంటాక్టర్ మధ్య బల్లి ఇరుక్కుంటే ఫేజు సరిగా తగలక మోటారు కాలుతుంది. ఎలుకలు తిరిగే చోట జీఐ పైపు గానీ ఆర్మర్డ్ కేబుల్ గానీ వేయడమే మార్గం.

## కరెంటు పోయినప్పుడు

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ లేవట్లేదు. ముందు ఏం చేయాలి?

జనరేటర్‌తో కుస్తీ పట్టేముందు మనుషుల్ని పిలవండి. తలుపులు, తెరవగలిగిన కర్టెన్లు తెరిపించండి. షేడ్ నెట్‌ను చేతి హ్యాండిల్‌తో మూయించండి, ఎండ తగ్గితే వేడి పెరగడం నెమ్మదిస్తుంది. మే నెల ఎండలో ఫ్యాన్లు ఆగిన ఇల్లు నిమిషాల్లో కొలిమి అవుతుంది, లోపల పనిచేసేవాళ్లను బయటికి పంపండి. ఆ తర్వాత జనరేటర్. మొదట చూడాల్సింది బ్యాటరీ: టెర్మినళ్లు బిగించి, వేరే బ్యాటరీ కలిపి ప్రయత్నించండి. తర్వాత డీజిల్, ఫిల్టరు, ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారా అన్నది. లేచాక ముందు నీళ్ల పంపు, ఆ తర్వాత ఫ్యాన్లు రెండేసి. వారానికోసారి జనరేటర్‌ను లోడు మీద నడపాలి. ఖాళీగా నడిపితే అది పనిచేస్తుందన్న ధైర్యం తప్ప రుజువు రాదు.

చిన్న జనరేటర్‌కు చేంజోవర్ అవసరమా? ప్లగ్గులోకి ఇస్తే నడుస్తుంది కదా.

నడుస్తుంది, అటు పోల్ మీద ఉన్న లైన్‌మన్‌ను చంపుతుంది కూడా. మీ జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ (11 వేల వోల్టులు) అవుతుంది. లైను, జనరేటర్ ఒకేసారి కలవకుండా, మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి మార్చే నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

బోరు ఫ్రీ సర్వీసు నుంచి ఫ్యాన్లకు లైన్ లాగమంటున్నారు. తప్పా?

తప్పే. వ్యవసాయ పంపుకిచ్చిన సర్వీసును వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకమవుతుంది, టారిఫ్‌కు రెట్టింపు లెక్కన కట్టిస్తారు. మీటరు లేకుండా కొండి వేస్తే 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు. ఉమ్మడి రాష్ట్రం నాటి టారిఫ్ ఉత్తర్వుల్లోనే గ్రీన్‌హౌస్ పూల సాగును కోళ్ల ఫారాలు, పుట్టగొడుగుల పెంపకం పక్కన ఎల్‌టీ-3 (పరిశ్రమల) కేటగిరీలో పెట్టారు. ఈ ఏడాది ఏ కేటగిరీయో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో అడిగి రాయించుకోవాలి. పైగా ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత వ్యవసాయ కరెంటు పగలు తొమ్మిది గంటలే, ఫ్యాన్-ప్యాడ్ పాలీహౌస్‌కు అది చాలదు. లైను లాగింది మీరని తేలితే మీ పర్మిట్‌కూ ముప్పే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. లైన్‌మన్ ఫోన్ ఎత్తట్లేదు. నేనే వేసేయనా?

వద్దు. మీ హద్దు మీటరు దాకానే. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయండి. పల్లెల్లో ఇలాంటి "ఒక్క నిమిషం" పనుల్లోనే ప్రాణాలు పోతుంటాయి. ఓనర్ ఒత్తిడి చేస్తే జనరేటర్‌కు డీజిల్ తెప్పించమనండి.

## తర్వాత సంగతి

ఈ పనిలో ఎదుగుదల ఉందా, లేక జీవితాంతం ఫ్యాన్లు మార్చుకోవడమేనా?

కంట్రోలర్ నేర్చుకున్నవాళ్లకు ఉంది. నెటాఫిమ్, ప్రివా, రిడర్ లాంటి కంపెనీల కంట్రోలర్లలో ప్రోగ్రామ్ మార్చడం, ఈసీ (నీళ్లలో ఎరువు ఉప్పు ఎంతో), పీహెచ్ (పులుపు ఎంతో) కొలిచే ప్రోబులను ద్రావణాలతో కాలిబ్రేట్ చేయడం, వీఎఫ్‌డీ సెట్ చేయడం వస్తే మిమ్మల్ని ఒక ఫారం కాదు, నాలుగు ఫారాలు పిలుస్తాయి. పెద్ద గులాబీ ఫారాలు హోసూరు చుట్టూ, పుణె దగ్గర తళేగావ్ వైపు ఉన్నాయి, భాష రాకపోయినా పని తెలిసినవాడికి అక్కడ గిరాకీ ఉంటుంది. జీడిమెట్లలో, కుప్పంలో ఉన్న ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లకు ఒకసారి వెళ్లి నడుస్తున్న యూనిట్లు చూసి రండి. కంపెనీ ఇంజినీరు ఇన్‌స్టలేషన్‌కో సర్వీసుకో వచ్చినప్పుడు టీ తెచ్చిచ్చి పక్కకు తప్పుకోకండి. లాప్‌టాప్ పెట్టుకుని ఆయన ఏం మారుస్తున్నారో దగ్గరుండి చూడండి, పాత సెట్టింగులు, కొత్త సెట్టింగులు రెండూ ఫోటో తీసుకోండి. ఆయన వెళ్లిపోయాక అదే ఫాల్ట్ మళ్లీ వస్తుంది, అప్పుడు ఆయన్ని పిలిపిస్తే విజిట్ చార్జీ కట్టాలి.